‘డైరెక్ట్’ అని చూపిస్తున్న ఆ సగం మంది ఎవరు?

మీరు అడిగింది నాకు అర్థమైనట్టు ముందు ఒకసారి చెప్తాను. మీరూ మీ అక్కగారూ మంగళగిరిలో చేనేత చీరలు, డ్రెస్ మెటీరియల్ అమ్ముతున్నారు. ఫేస్‌బుక్ పేజీకి 38 వేల మంది, ఇన్‌స్టాగ్రామ్‌లో 11 వేల మంది ఫాలోవర్లు ఉన్నారు. ఇవి కాక నాలుగు వాట్సాప్ గ్రూపులు. లైకులు బాగానే పడుతున్నాయి, వెబ్‌సైట్‌కి మాత్రం కొద్దిమందే వస్తున్నారు. వచ్చినవాళ్లలో సగానికి పైగా, సైట్‌కి ఎవరు ఏ దారిలో వచ్చారో లెక్కపెట్టే గూగుల్ అనలిటిక్స్‌లో ‘డైరెక్ట్’ కింద పడుతున్నారు. మా కొనుగోలుదారులు ఎవరో లింకుల లెక్కల్లో తెలుస్తుందా, ఫేస్‌బుక్ మానేసి ఇన్‌స్టాగ్రామ్ ఒక్కటే చూసుకోమంటారా అని అడిగారు.

ఫేస్‌బుక్ ఇప్పుడే మానేయకండి. ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి ఒక కారణం ఉంది.

చిన్న వ్యాపారాల ఆన్‌లైన్ పనులు చూడబట్టి పన్నెండేళ్లయింది. పచ్చళ్లు, చేనేత, పుస్తకాలు, విత్తనాలు, అన్నీ చూశాను. కొన్నేళ్ల కిందట చీరాల దగ్గర ఒక నేత కుటుంబానికి పనిచేశాను. వాళ్లదీ సరిగ్గా మీ పరిస్థితే. ఆర్డర్లన్నీ డైరెక్ట్ అని చూపిస్తున్నాయి, ఫేస్‌బుక్ గడిలో దాదాపు సున్నా. రోజుకి రెండు గంటలు ఆ పేజీ మీద ఎందుకు ఖర్చు పెట్టడం అని నేనే ఆపించాను. మొదటి వారం ఏ తేడా లేదు. రెండో వారం నుంచి ఆ డైరెక్ట్ ఆర్డర్లే తగ్గడం మొదలైంది. మూడో వారానికి ఇంట్లో అందరికీ టెన్షన్. పోస్టులు మళ్లీ మొదలుపెట్టాక మెల్లగా కోలుకున్నాయి.

అప్పుడు పాత కస్టమర్లలో పదిమందికి ఫోన్ చేసి కూర్చుని మాట్లాడాం. మాటలు వేరైనా కథ ఒకటే. కొనే ఆవిడ ఫేస్‌బుక్‌లో చీర చూస్తుంది. నచ్చుతుంది, కానీ వెంటనే కొనదు. లింక్ కాపీ చేసి వాట్సాప్‌లో అక్కకో వదినకో పంపి, ‘ఈ రంగు నాకు బాగుంటుందా?’ అని అడుగుతుంది. వదిన లింక్ తెరిచి చూస్తుంది. ‘బార్డర్ బాగుంది గానీ ఆకుపచ్చ తీసుకో’ అంటుంది. మర్నాడు ఈవిడ అదే వాట్సాప్ చాట్‌లోని లింక్ నొక్కి ఆకుపచ్చది ఆర్డర్ పెడుతుంది. మన ఇళ్లలో చీర కొనడం ఒక్కరు తేల్చే పని కాదు కదా. ఆ సంప్రదింపులన్నీ జరిగే చోటు వాట్సాప్, మన లెక్కలకి కనపడని చోటు కూడా అదే.

ఎందుకు కనపడదంటే, ఒక వెబ్‌పేజీలోంచి ఇంకో పేజీకి వెళ్లినప్పుడు బ్రౌజర్ ‘ఫలానా చోటు నుంచి వస్తున్నాను’ అని చెప్తుంది. వాట్సాప్ యాప్‌లోంచి వచ్చినప్పుడు ఆ మాట చెప్పేవాళ్లుండరు. దారి తెలియనివాళ్లందరినీ అనలిటిక్స్ డైరెక్ట్ అనే గడిలో వేస్తుంది. మీ వెబ్‌సైట్ పేరు గుర్తుపెట్టుకుని టైప్ చేసి వచ్చినవాళ్లు అందులో ఉంటారు గానీ, వాళ్లు కొద్దిమందే. ఇది మన ఒక్కరి బాధ కూడా కాదు. అలెక్సిస్ మాడ్రిగల్ అనే అమెరికన్ జర్నలిస్టు 2012లోనే ఈ కనపడని పంపకాలకి ‘డార్క్ సోషల్’ అని పేరు పెట్టాడు. అప్పట్లో ఆయన చూసింది ఈమెయిళ్లూ చాట్‌లూ. మనకి వాట్సాప్.

ఇక మీరు చేయాల్సిన పని. యూటీఎం అనే మాట వినే ఉంటారు. లింక్ ఎక్కడ పుట్టిందో దాని మీదే రాసిపెట్టే పద్ధతి అది, అర్చిన్ అనే కంపెనీ తన సాఫ్ట్‌వేర్ కోసం పెట్టుకుంది, యూటీఎం అంటే అర్చిన్ ట్రాకింగ్ మాడ్యూల్. 2005లో గూగుల్ ఆ కంపెనీని కొని, అదే ఏడాది గూగుల్ అనలిటిక్స్ తెచ్చింది. పాత పేరు మాత్రం నిలిచిపోయింది. లింక్ చివర ప్రశ్నార్థకం పెట్టి సోర్స్ (ఎక్కడ పెట్టారు), మీడియం (ఏ రకం దారి), క్యాంపెయిన్ (ఏ ప్రచారం), కంటెంట్ (ఏ పోస్టు), టర్మ్ అని అయిదు చీటీలు తగిలించవచ్చు. టర్మ్ సెర్చ్ ప్రకటనలకి పనికొచ్చేది, మీకు అక్కర్లేదు. మిగతా నాలుగు చాలు. మనిషి ఏ ఊళ్లో ఉన్నా ఇంటిపేరు వెంట ఉన్నట్టే, లింక్ ఎన్ని చేతులు మారినా ఈ చీటీ దాంతోనే ఉంటుంది. ఫేస్‌బుక్‌లో పుట్టిన లింక్ వదినగారి ఫోన్‌కి వెళ్లి, అక్కడి నుంచి కువైట్‌లో ఉన్న చెల్లికి వెళ్లినా, ‘నేను ఫేస్‌బుక్‌లో మంగళవారం పోస్టుది’ అనే చెప్తుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. రిపోర్టులో ఫేస్‌బుక్ అని పడినవాళ్లంతా ఫేస్‌బుక్‌లో నొక్కినవాళ్లు కారు. వాళ్లకి చేరిన లింక్ అక్కడ పుట్టింది, అంతే. ఈ తేడా మనసులో పెట్టుకుంటే ఆ లెక్క మీకు మరింత పనికొస్తుంది, ఎందుకంటే ఏ పోస్టు జనాన్ని మాట్లాడించిందో అదే చెప్తుంది. ఎంతమంది చేతులు మారి వచ్చారో ఉజ్జాయింపుగా తెలియాలంటే రెండు ఆనవాళ్లున్నాయి. ఫేస్‌బుక్ పోస్టు క్లిక్‌లు మొదటి కొన్ని గంటల్లో ఎగసి తర్వాత పడిపోతాయి. నాలుగో రోజు మళ్లీ పైకి లేచాయంటే ఎవరో ఏదో గ్రూపులో వేశారన్నమాట. రెండోది, అనలిటిక్స్‌లో మనకి కావాల్సినట్టు రిపోర్టు చేసుకునే ఎక్స్‌ప్లోరేషన్స్ అనే చోట పేజ్ రిఫరర్ అనే వివరం దొరుకుతుంది, అంటే మనిషి ఏ పేజీ నుంచి వచ్చారన్నది. చీటీ ఫేస్‌బుక్ అంటున్నా రిఫరర్ ఖాళీగా ఉంటే అది చాలాసార్లు ఫార్వర్డ్. అన్నిసార్లూ అని చెప్పలేం, ఫేస్‌బుక్ యాప్ కూడా ఒక్కోసారి ఖాళీగానే పంపుతుంది.

చీటీలకి పేర్లు పెట్టే దగ్గరే చాలామంది పని చెడగొట్టుకుంటారు. పేర్లు ఇంగ్లిష్ అక్షరాల్లోనే, అన్నీ చిన్న అక్షరాల్లోనే పెట్టండి. అనలిటిక్స్‌కి పెద్ద ‘ఎఫ్’తో రాసిన ఫేస్‌బుక్ వేరు, చిన్న ‘ఎఫ్’తో రాసింది వేరు. రెండు వరుసలుగా చూపిస్తుంది. తెలుగు అక్షరాల్లో పెడితే కాపీ చేసినప్పుడు లింక్ శాతం గుర్తులూ అంకెలూ కలిసిన పెద్ద చాంతాడంత అవుతుంది. అది వాట్సాప్‌లో చూసినవాళ్లు ఇదేదో మోసం లింక్ అనుకుని నొక్కరు. మీడియం దగ్గర ఎప్పుడూ ‘సోషల్’ అనే రాయండి, అప్పుడే అనలిటిక్స్ దాన్ని సోషల్ మీడియా గడిలో పెడుతుంది. మీ సైట్ లోపల ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి ఇచ్చే లింకులకి మాత్రం ఈ చీటీలు పెట్టకండి, మనిషి అసలు వచ్చిన దారి తారుమారవుతుంది. పేర్లన్నీ ఒకే గూగుల్ షీట్‌లో ఉంచండి. మీరు పోస్టు పెట్టినా మీ అక్కగారు పెట్టినా ఆ షీట్‌లోంచే కాపీ చేసుకోవాలి. ఇద్దరూ తలోరకంగా రాస్తే నెల తర్వాత ఎవరూ సరిచేయలేరు.

అయితే పేర్లకన్నా ముందు ఒకటుంది. నేను అందరికీ చెప్పేది ఇదొక్కటే. లింక్ తయారుచేయకముందే మీకు ఏం తెలియాలో ఒక వాక్యంలో రాసుకోండి. ‘ఎవరు వస్తున్నారో చూద్దాం’ అని లింకులు వేస్తే ఏడాది తర్వాత కూడా అంకెలే మిగులుతాయి. ‘మగ్గం చూసి వచ్చేవాళ్లు కొంటున్నారా, ధర చూసి వచ్చేవాళ్లు కొంటున్నారా?’ అని రాసుకుంటే లింక్ దానంతటదే తయారవుతుంది. ఒకే చీర తీసుకోండి, నిజాం బార్డర్ ఉన్న మామూలు కాటన్ చీర. మంగళవారం గుంట మగ్గం మీద నేతన్న నేస్తున్న వీడియో పెట్టి, కంటెంట్ చీటీలో మగ్గం అని రాయండి. శుక్రవారం అదే చీర ఫోటో ధరతో సహా పెట్టి, చీటీలో ధర అని రాయండి. మిగతా చీటీలన్నీ ఒకేలా ఉండాలి. తర్వాతి వారం ఆ రెండు రోజులూ తారుమారు చేయండి, లేకపోతే తేడా పోస్టుదో రోజుదో తెలియదు.

నాలుగు వాట్సాప్ గ్రూపులకి నాలుగు వేరు వేరు లింకులు ఇవ్వండి. ఇది అయిదు నిమిషాల పని. దీంతో తెలిసేది మాత్రం చాలా ఉంటుంది. ఒక గ్రూపులో 200 మంది ఉన్నా లింక్ మీద ఆరుగురే నొక్కుతుంటారు. ఇంకోదాంట్లో 60 మందే ఉన్నా క్లిక్‌లు 90 దాటుతాయి, అంటే అక్కడివాళ్లు బయటికి పంపుతున్నారు. ఆ చిన్న గ్రూపే మీ అసలైన అంగడి. అలాగే వెబ్‌సైట్‌లో ప్రతి చీర కింద వాట్సాప్ షేర్ బటన్ పెట్టించి, ఆ బటన్ నుంచి వెళ్లే లింక్‌కి వేరే సోర్స్ పేరు పెట్టించండి. పైన చెప్పిన వదినగారు అప్పుడు రిపోర్టులో కనిపిస్తారు.

ఇన్‌స్టాగ్రామ్ గురించి ఎక్కువ చెప్పను. క్యాప్షన్‌లో లింక్ పనిచేయదు. బయోలో అయిదు లింకుల దాకా పెట్టుకోవచ్చు, స్టోరీలో లింక్ స్టిక్కర్ ఉంది. బయోకి ఒక చీటీ, స్టోరీకి ఒక చీటీ పెట్టండి. యూట్యూబ్ షార్ట్స్ కూడా చేస్తున్నారేమో, 2023 ఆగస్టు నుంచి వాటి వివరణలోనూ కామెంట్లలోనూ పెట్టిన లింక్ నొక్కితే తెరుచుకోదు.

అంకెలు ఒకదానికొకటి పొంతన లేకుండా ఉన్నాయని మీరు కంగారుపడ్డారు కదా. అది మామూలే. ఒకే పోస్టుకి ఫేస్‌బుక్ 120 క్లిక్‌లు అంటే, లింకులు కుదించే బిట్‌లీ 150 అంటుంది, అనలిటిక్స్ 85 అంటుంది అనుకుందాం. ముగ్గురూ లెక్కపెట్టేది ఒకటి కాదు. మీరు లింక్ పేస్ట్ చేయగానే కింద చిన్న ఫోటోతో బొమ్మ కనిపించడానికి ఆ యాప్ మీ పేజీని ఒకసారి తెరిచి చూస్తుంది. ఇవి కాక మనుషులు కాని బాట్‌లు తిరుగుతుంటాయి. లింకులు కుదించే సేవల లెక్కలో వీటిలో కొన్ని కలుస్తాయి. అనలిటిక్స్ మాత్రం పేజీ తెరుచుకుని తన కోడ్ నడిచాకే లెక్కపెడుతుంది. సిగ్నల్ సరిగా లేని ఊళ్లో ఉన్నావిడ లింక్ నొక్కి, పేజీ రాకముందే విసుగొచ్చి మూసేస్తే, ఆవిడ బిట్‌లీలో ఉంటుంది, అనలిటిక్స్‌లో ఉండదు. కాబట్టి ఒకదాని అంకెను ఇంకోదాంతో పోల్చకండి, ఈ వారం అనలిటిక్స్‌ని పోయిన వారం అనలిటిక్స్‌తోనే పోల్చండి. బిట్‌లీ అంకెకీ అనలిటిక్స్ అంకెకీ మధ్య తేడా మరీ పెరిగిపోతుంటే ముందు ఫోటోల బరువు చూడండి. ఒక్కో చీర ఫోటో 4, 5 ఎంబీ ఉంటే పల్లెల్లో ఉన్నవాళ్లకి మీ షాపు తలుపు తెరుచుకోనట్టే.

‘యూజర్లు’ అనే అంకెనీ అలాగే నమ్మేయకండి. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్‌లలో లింక్ నొక్కితే వాళ్ల యాప్ లోపలే ఉన్న బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. అదే మనిషి సాయంత్రం క్రోమ్‌లో తెరిస్తే అనలిటిక్స్‌కి ఇంకొకరుగా కనిపిస్తుంది. మూడుసార్లు వచ్చి చూసి కొన్న ఒక్కావిడే ముగ్గురుగా, అందులో ఇద్దరు కొనకుండా పోయినవాళ్లుగా కనిపించవచ్చు. ఇది తెలియక చాలామంది మా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఊరికే చూసిపోతున్నారని బాధపడతారు.

ఊళ్ల రిపోర్టు చూసి కస్టమర్లలో ఎక్కువమంది హైదరాబాద్ వాళ్లే అని రాశారు. అది తప్పు కావడానికే ఎక్కువ అవకాశం ఉంది. మొబైల్ డేటా మీద వచ్చేవాళ్ల ఊరిని నెట్‌వర్క్ ఐపీ అడ్రస్‌ని బట్టి ఊహిస్తారు. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. నరసరావుపేటలో ఫోన్ చూస్తున్నావిడ హైదరాబాద్‌గానో చెన్నైగానో కనిపించడం నేను ఎన్నోసార్లు చూశాను. దేశం పేరు నమ్మవచ్చు, ఊరి పేరు నమ్మవద్దు. ఊరు తెలియాలంటే మీ దగ్గరే అంతకన్నా మంచి ఆధారం ఉంది, పార్సిల్ మీద రాసే పిన్‌కోడ్. ఇలాగే భాష రిపోర్టు ఇంకో తికమక పెడుతుంది. అది ఫోన్ ఏ భాషలో పెట్టుకున్నారో చెప్తుంది. మనవాళ్లు ఫోన్‌ని ఇంగ్లిష్‌లో ఉంచుకుని తెలుగు చదువుతారు. అందులో ఇంగ్లిష్ ఎక్కువ కనిపించిందని తెలుగులో రాయడం మానేయకండి.

సమయం మాత్రం చాలా చెప్తుంది. ముందు అనలిటిక్స్ సెట్టింగ్స్‌లో టైమ్ జోన్ ఇండియాకి ఉందో లేదో చూడండి, చాలా ఖాతాల్లో అమెరికా టైమే ఉండిపోతుంది. సరిచేశాక పొద్దున అయిదున్నర నుంచి ఏడున్నర మధ్య క్లిక్‌లు ఎక్కడివో దేశం వారీగా చూడండి. గడియారాలు గంట ముందుకు జరిపే వేసవి టైమ్ నడుస్తున్నప్పుడు అమెరికా తూర్పు తీరంలో అది రాత్రి ఎనిమిది నుంచి పది. వంట, పిల్లల పని అయ్యాక ఫోన్ పట్టుకునే వేళ. ఆ క్లిక్‌లు ఎక్కువై, పార్సిళ్లు మాత్రం గుంటూరు, ఏలూరు పిన్‌కోడ్‌లకి వెళ్తుంటే, అక్కడున్న కూతుళ్లు ఇక్కడి అమ్మలకి కొంటున్నారన్నమాట. నొక్కేవాళ్లు ఒకరు, కట్టుకునేవాళ్లు ఒకరు. అలాంటివాళ్లకి డబ్బు కట్టే పద్ధతి సులువుగా ఉందా, పార్సిల్ మీద ‘అమ్మకి’ అని రాసి పంపగలరా అన్నవి ముఖ్యం. ఫాలోవర్ల సంఖ్య ఎంత చూసినా ఈ సంగతి బయటపడదు.

ఇప్పుడు అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది చెప్తాను. మీ ఆర్డర్లు సగం వాట్సాప్ చాట్‌లోనే తేలిపోతున్నాయని రాశారు. అంటే అనలిటిక్స్ వెబ్‌సైట్ గుమ్మం దాకే చూడగలదు. డబ్ల్యూఏ డాట్ ఎంఈ లింకుల గురించి తెలుసు కదా, నొక్కగానే మీ నంబర్‌తో చాట్ తెరుచుకుంటుంది. దానికి ముందే రాసిపెట్టిన మెసేజ్ తగిలించవచ్చు. ఫేస్‌బుక్ పోస్టులో ‘నమస్తే, మగ్గం వీడియోలో చీర గురించి, ఎం 12’ అని, ధర పోస్టులో ‘నమస్తే, ఈ చీర కావాలి, డి 12’ అని పెట్టండి. మనిషి పంపు అని నొక్కగానే మొదటి మెసేజ్‌లోనే ఆ కోడ్ మీ చేతిలో ఉంటుంది. మీ అక్కగారు ఆర్డర్ రాసుకునే పుస్తకంలో ఒక గడి పెంచి అది రాస్తే చాలు. క్లిక్ నుంచి డబ్బు చేతికి వచ్చేదాకా గొలుసు తెగకుండా ఉంటుంది. వెబ్‌సైట్‌లోని వాట్సాప్ బటన్‌కి వేరే కోడ్ ఇవ్వండి. అనలిటిక్స్‌లో ఎన్‌హాన్స్‌డ్ మెజర్‌మెంట్ అనే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆ బటన్ నొక్కడాన్ని అదే నమోదు చేసుకుంటుంది, బయటి సైట్‌కి వెళ్లే క్లిక్ కాబట్టి.

గోదావరి జిల్లాలో పచ్చళ్లు చేసే ఒకావిడ ఇలా కోడ్ పెట్టాక, వంట వీడియోలకి క్లిక్‌లు పదింతలు వస్తున్నా ఆర్డర్లు మాత్రం జాడీల ప్యాకింగ్ చూపించిన పోస్టుల నుంచే వస్తున్నాయని తేలింది. కొనేవాళ్ల భయమల్లా దారిలో నూనె కారుతుందేమోనని. ఆవిడ ఆ తర్వాత ప్రతి పోస్టులో ప్యాకింగ్ ఫోటో ఒకటి పెట్టడం మొదలుపెట్టారు.

చిన్న అంకెలతో తీర్పులు చెప్పకండి. మగ్గం పోస్టుకి 12 ఆర్డర్లు, ధర పోస్టుకి 9 వస్తే అందులో ఏమీ లేదు. కనీసం నాలుగు వారాలు ఒకే పోలిక నడపండి. ప్రతి వారం ఒకటే వైపు మొగ్గితే అప్పుడు నమ్మండి. వరలక్ష్మీ వ్రతం ముందు వారం ఏ పోస్టు పెట్టినా చీరలు పోతాయి, ఆ వారం లెక్కతో ఏ పోస్టునీ మెచ్చుకోకండి. శ్రావణాన్ని శ్రావణంతోనే పోల్చాలి. అనలిటిక్స్ ఎక్స్‌ప్లోరేషన్స్‌కి కావాల్సిన వివరాలని మామూలుగా 2 నెలలే దాస్తుంది. సెట్టింగ్స్‌లో దాన్ని 14 నెలలకి ఈరోజే మార్చండి. మధ్యలో అధిక మాసం పడినా పోయినేడు శ్రావణం చేతిలో ఉంటుంది.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని బతిమాలుతున్నాను. ఒక్కో మనిషికి ఒక్కో లింక్ ఇచ్చి ఎవరు ఏం చూశారో కనిపెట్టే పని పెట్టుకోకండి. నాకు తెలిసిన ఒక షాపువాళ్లు అలా చేసి, ఒకావిడకి ఫోన్ చేసి, ‘అమ్మా, నిన్న మీరు ఆ పట్టుచీర మూడుసార్లు చూశారు, తీసుకుంటారా?’ అన్నారు. ఆవిడ భయపడిపోయి నంబర్ బ్లాక్ చేసి, గ్రూపులో అందరికీ చెప్పారు. భయపడటం న్యాయమే. లింక్ చీటీల్లో ఫోన్ నంబర్లు, పేర్లు, ఈమెయిళ్లు ఎప్పుడూ పెట్టకండి. గూగుల్ నిబంధనలు ఒప్పుకోవు, 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం కూడా ఉంది. గ్రూపు స్థాయిలో, పోస్టు స్థాయిలో తెలిస్తే మీకు సరిపోతుంది.

లింక్ కుదించాలనుకుంటే మీ సొంత డొమైన్ పేరుతోనే కుదించండి. గూగుల్ తన గూ డాట్ జీఎల్ సేవలో కొత్త లింకులు చేసుకోవడం 2019లో ఆపేసింది, వాడుకలో లేని పాతవాటిని 2025లో మూసేసింది. ఊరూ పేరూ లేని కుదించిన లింక్ చూస్తే జనానికి ఇప్పుడు ఫోన్‌లోకి దొంగ యాప్‌లు ఎక్కించే ఏపీకే ఫైళ్ల మోసాలే గుర్తొస్తాయి. లింక్‌లో మీ షాపు పేరు కనిపించాలి.

ఆషాఢంలో మొదలుపెడితే శ్రావణం రద్దీకి ముందు నాలుగు వారాల మామూలు లెక్క చేతిలో ఉంటుంది. షీట్‌లో తేదీ, పోస్టు, చీటీ పేరు, క్లిక్‌లు, వాట్సాప్ కోడ్‌తో వచ్చిన మెసేజ్‌లు, ఆర్డర్లు, పిన్‌కోడ్ అని ఏడు గడులు చాలు. నాలుగు వారాలయ్యాక కస్టమర్ల పేర్లూ నంబర్లూ తీసేసి ఇక్కడే పెట్టండి, కూర్చుని చూద్దాం. పిన్‌కోడ్ గడి మాత్రం ఒక్క ఆర్డర్‌కి కూడా ఖాళీగా వదలొద్దని మీ అక్కగారికి చెప్పండి.